కొత్త ఊళ్లో ఉద్ది కోసం



బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిందంటే ఇంట్లో హడావిడి మొదలవుతుంది. అద్దె ఇల్లు ఎక్కడ చూడాలి, పిల్లల్ని ఏ బడిలో చేర్చాలి, గ్యాస్ కనెక్షన్ ఎలా మార్చుకోవాలి, సామాను లారీకి ఎంత అడుగుతారు. ఉద్యోగమో, చదువో, పెళ్లో, విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లడమో, ఏదో ఒక కారణంతో ఊరు మారని కుటుంబం మన వాళ్లలో ఇప్పుడు అరుదు. సామాను సర్దుతుంటే అటక మీద నుంచి రెండు కోలాటం కర్రలు బయటపడతాయి. వాటిని పెట్టెలో పెట్టాలా, పక్కింటి పిల్లలకు ఇచ్చేయాలా అన్న దగ్గర చాలామంది చేతులు ఆగిపోతాయి. ఇవాళ్టి ప్రసంగం ఆ కర్రల గురించే.

వీణ నేర్చుకున్నవారు ఏ ఊరు వెళ్లినా తలుపు దగ్గరగా వేసుకుని సాధన చేసుకోవచ్చు. బొమ్మలు వేసేవారికి కిటికీ పక్కన కాస్త వెలుతురు చాలు. చదరంగానికి ఎదుటి ఆటగాడు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాడు. జానపద నృత్యానికి ఆ వెసులుబాటు లేదు.

కోలాటాన్నే తీసుకుందాం. ఆడేవాళ్లు సరిసంఖ్యలో ఉండాలి. లోపల ఒక వలయం, బయట ఒక వలయం. లోపలి మనిషీ బయటి మనిషీ కలిస్తే ఒక ఉద్ది. గురువు నడుమ నిలబడి తాళాలు మోగిస్తూ చరణం ఎత్తుకుంటాడు, బృందం అందుకుంటుంది. ఒక దెబ్బ సొంత కర్రల మీద, ఒక దెబ్బ ఉద్ది కర్ర మీద, అక్కణ్నుంచి అడుగు జరిగి మరో ఉద్దిలోని మనిషి కర్ర మీద. ఇలా అడుగులూ దెబ్బలూ కూర్చిన ఒక్కో అమరికను కోపు అంటారు, ఏ కోపుకు ఆ వరస. మరి ఒక్కరు రాకపోతే? వాళ్లు నిలబడవలసిన చోట అవతలివాళ్ల కర్ర గాలిలో ఆడుతుంది. ఆ ఖాళీ ఒకచోట నిలవదు కూడా. వలయం తిరుగుతున్న కొద్దీ అందరి ముందుకూ వస్తుంది. జడకోలాటం సంగతి ఇంకా గట్టిది. పైన ఒకచోట కట్టిన తాళ్లు తలా ఒకటి చేతికి వస్తాయి. కోపు ప్రకారం ఒకరిని దాటుకుంటూ ఒకరు తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. అదే కోపును తిరగేసి వేస్తేనే ఆ జడ విడుతుంది. ఎవరో ఒకరు అడుగు తప్పారా, తాళ్లు చిక్కుపడి ఆట ఆగుతుంది.

అందుకే ఇరవై ఏళ్లుగా ఆడుతున్న మనిషి కూడా కొత్త ఊళ్లో ఒంటరిగా కోలాటం వేయలేడు. పాట నోటికి వచ్చు, అడుగు కాలికి వచ్చు, ఎదురుగా కర్ర ఉండదు. ఈ అభిరుచి నిలవాలంటే ముందుగా వెతకవలసింది మనుషుల్ని. ఆ వెతుకులాట మన ఒక్కరిదే కాదు. సొంత నేల విడిచి వెళ్లినవాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఈ చిక్కును ఎదుర్కొన్నారు. ఎవరికి తోచిన దారి వాళ్లు వేసుకున్నారు. వాటిలో కొన్ని మనకు నేరుగా పనికొస్తాయి.

1940 జూన్ నెల. ఫ్రాన్స్ ఉత్తర తీరంలో సెయింట్ వాలరీ అనే చిన్న రేవు పట్టణం దగ్గర బ్రిటిష్ సైన్యానికి చెందిన 51వ హైలాండ్ డివిజన్ జర్మన్ల చేతికి చిక్కింది. అది స్కాట్లాండ్ దళం. దాని అధికారుల్లో కొందరిని ఆస్ట్రియా సరిహద్దు పక్కనే ఉన్న లౌఫెన్‌లో యుద్ధఖైదీల శిబిరానికి పంపారు. ఇంటికి ఎప్పుడు వెళతారో, అసలు వెళతారో లేదో తెలియని రోజులు. అక్కడ లెఫ్టినెంట్ జిమ్మీ అట్కిన్సన్ మరో ఇద్దరు ముగ్గురు సహచరులతో కూర్చుని ఒక కొత్త నృత్యం కట్టాడు. ఆట మధ్యలో నర్తకులు చేతులు కలిపి నిలబడితే స్కాట్లాండ్ జెండా మీద ఉండే ఏటవాలు శిలువ ఆకారం నేల మీద కనిపిస్తుంది. 51వ డివిజన్ రీల్ అన్న పేరుతో ఆ నృత్యం 1945లో పుస్తకంలో అచ్చయింది. స్కాటిష్ కంట్రీ డ్యాన్స్ ఆడే బృందాలు ఇప్పటికీ దాన్ని వేస్తూనే ఉన్నాయి.

ఖైదులో ఉన్నవాళ్లకే సాధ్యపడినప్పుడు అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు కాదా అని తేలిగ్గా తేల్చేయడం న్యాయం కాదు. ఆ సైనికుల వెనుక అప్పటికే ఒక ఏర్పాటు ఉంది. 1923 నవంబరులో గ్లాస్గో నగరంలో జీన్ మిలిగన్, ఇసొబెల్ స్టూవర్ట్ అనే ఇద్దరు మహిళలు ముందుకు వచ్చి స్కాటిష్ కంట్రీ డ్యాన్స్ సంఘం పెట్టించారు. మిలిగన్ వ్యాయామ విద్య బోధించే అధ్యాపకురాలు. ఊరికో తీరుగా ఉన్న నృత్యాలను పోగుచేసి, అడుగు అడుగునా వివరం రాసి, 1924 నుంచి వరసగా పుస్తకాలు తెచ్చారు. ఏ కదలికకు ఏ పేరో, అది ఎన్ని లెక్కల్లో పూర్తి కావాలో ఖాయం చేశారు. ఆ సంఘానికి 1951లో రాయల్ అన్న హోదా వచ్చింది. ఇప్పుడు దాని శాఖలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఎడింబరోలో నేర్చుకున్న మనిషి టోక్యోకు మారినా అక్కడి శాఖకు వెళ్లి మొదటి రోజే వరసలో నిలబడగలుగుతున్నారంటే కారణం ఇదే. ఆట మొదలయ్యే ముందు ఒకరు కదలికల వరసను గుర్తుచేస్తారు. చాలామంది చేతిలో చిన్న చీటీ ఉంటుంది. అంతకు మించి ఎవరూ ఎవరికీ కొత్తగా నేర్పక్కరలేదు.

అందరి అడుగూ ఒకే అచ్చులో పోస్తే ఊరూరి సొగసు పోదా అన్న ప్రశ్న అక్కడా వచ్చింది, రావలసిందే. పోయినది కొంత ఉంది. అయినా ఊరు మారే మనిషి వైపు నుంచి చూస్తే ఆ పుస్తకాలు చేసిన మేలు చాలా పెద్దది.

అమెరికాలో కాంట్రా డ్యాన్స్ ఆడేవాళ్లు ఇంకో దారి పట్టారు. ముందే నేర్చుకుని రావాలన్న షరతునే తీసేశారు. వేదిక మీద ఫిడేలు, గిటారు లాంటి వాద్యాలు. వాళ్ల పక్కన మైకు పట్టుకుని ఒక మనిషి. ఏ కదలిక ఎప్పుడు వేయాలో ఆ మనిషి ముందుగానే పిలిచి చెబుతుంటాడు. ఒక్కో ఆట మొదలయ్యే ముందు సంగీతం లేకుండా ఒకసారి అందరినీ నడిపిస్తారు. చాలా ఊళ్లలో అసలు కార్యక్రమానికి అరగంట ముందు కొత్తవాళ్ల కోసం విడిగా ఒక పాఠం ఉంటుంది. ఆటకో జోడీ మారడం అక్కడి ఆనవాయితీ కాబట్టి భార్యాభర్తలుగా రాకపోయినా, ఎవరినీ ఎరగకపోయినా ఇబ్బంది లేదు. రెండు గంటల్లో కొత్త మనిషి ఊళ్లో సగం మంది చెయ్యి పట్టుకుని ఉంటారు.

ఆ ఆటలో ఇంకో చిన్న ఏర్పాటు ఉంది, మన కోలాటం గురువులు గమనించదగినది. పొడవాటి వరసలో జంటలు ఒక చివరి నుంచి ఇంకో చివరికి జరుగుతుంటాయి. చివరికి చేరిన జంటకు ఎదుటి జంట దొరకకపోతే ఒక విడత ఊరికే నిలబడి, తర్వాతి విడతలో మళ్లీ కలుస్తుంది. అంటే జంటల సంఖ్య సరిపోకపోయినా ఆట ఆగదు.

బాల్కన్ దేశాల నృత్యాలు మరీ సులువైన పద్ధతిలో నడుస్తాయి. సెర్బియా వాళ్ల కోలో, బల్గేరియా వాళ్ల హోరో, గ్రీకుల సిర్తోస్, అన్నీ చేతులు పట్టుకుని వలయంగానో తెరిచిన గొలుసుగానో కదిలేవే. జంటతో పనిలేదు. తల దగ్గర ఉండి నడిపించేది ఆట తెలిసినవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు మధ్యలో దూరకుండా తోక దగ్గర చేరతారు. ముందువాళ్ల కాళ్లు చూస్తూ రెండు మూడు చుట్లలో అడుగు పట్టుకుంటారు. ఇది మర్యాదా అవుతుంది, పాఠమూ అవుతుంది.

ఇలాంటి నృత్యాలు అమెరికాకు వలసవాళ్లతో చేరాయి. మొదట్లో ఏ జాతివాళ్లు వాళ్ల చర్చి హాల్లో, వాళ్ల పెళ్లిళ్లలో ఆడుకున్నారు. 1938లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సాంగ్ చాంగ్ అనే చైనా మూలాలున్న వ్యక్తి ఒక బృందం మొదలుపెట్టాడు. ఆయన ఆడించినవి యూరప్ జానపద నృత్యాలు. పుట్టుకతో తనవి కాని నృత్యాలను ప్రేమించి, నేర్చుకుని, చుట్టూ మనుషుల్ని చేర్చిన మనిషి ఆయన. అక్కడి నుంచి కాలిఫోర్నియా అంతటా బృందాలు పుట్టాయి. చికాగోలో విటౌటస్ బెలియాజస్ అనే లిథువేనియా వలసదారు ఊరూరూ తిరిగి నృత్యం నేర్పాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విల్టిస్ అనే పత్రిక పెట్టి 1994లో కన్నుమూసే దాకా నడిపాడు. విల్టిస్ అంటే వాళ్ల భాషలో ఆశ. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారిన నర్తకులకు ఎక్కడ ఎవరు ఆడుతున్నారో చెప్పే పత్రిక అది.

వీటన్నిటిలోకీ మనసులో నిలిచేది పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఒక సంగతి. 1945లో అక్కడి డ్యూకేన్ విశ్వవిద్యాలయంలో ఒక కార్యక్రమానికి గ్రీకు నృత్యం కావలసి వచ్చింది. అధ్యాపకురాలు బ్రున్‌హిల్డా డోర్ష్ వెతికితే మెర్సీన్ నెసొటాస్ అనే గ్రీకు అమెరికన్ విద్యార్థిని దొరికింది. ఆమెకు కొన్ని నృత్యాలు వచ్చు. వాటిలో ఒకటి క్రీట్ దీవికి చెందిన సిర్తోస్. అడుగులు ఉన్నాయి, దానికి తగిన పాట రికార్డు మాత్రం ఆ ఊళ్లో దొరకలేదు. చివరికి మిసిర్లూ అనే ఇంకో పాట పెట్టి చూశారు. అది నెమ్మదిగా సాగే పాట. అడుగులు కూడా నెమ్మదించి, సాగి, ఒక కొత్త ఒయ్యారం వచ్చింది. ఆ నృత్యం అమెరికా అంతా పాకింది. జానపద నృత్యం నేర్చుకోవడానికి వచ్చిన కొత్తవాళ్లకు ఎన్నో చోట్ల ముందు నేర్పింది దాన్నే. గ్రీసు నుంచి వచ్చిందని అనుకుని ఆడినవాళ్లే ఎక్కువ. పుట్టింది మాత్రం పిట్స్‌బర్గ్‌లో, పాట దొరకని ఇబ్బందిలో.

ఇదంతా కల్తీ అని కొట్టిపారేసేవారు ఉండవచ్చు. కొత్త నేల మీద నృత్యం బతికిన ప్రతిచోటా ఇలాంటి సర్దుబాటు ఒకటి జరిగే ఉంటుంది. నెసొటాస్ తన దగ్గర సరైన రికార్డు లేదు కాబట్టి నేర్పనని ఊరుకుని ఉంటే ఆ అడుగులు ఆమెతోనే ఆగిపోయేవి.

హంగరీలో వలస వేరే రకం. అక్కడ పల్లె నుంచి పట్నానికి వచ్చినవాళ్ల పిల్లలకు తాతల నృత్యం వేదిక మీది ప్రదర్శనగా మాత్రమే తెలుసు. 1972 మే 6న బుడాపెస్ట్‌లో కొందరు యువ నర్తకులు, ఫెరెంత్స్ షెబో, బేలా హల్మోష్ అనే సంగీతకారులతో కలిసి, చూసేవాళ్లు లేకుండా అందరూ ఆడే ఒక సాయంత్రం ఏర్పాటు చేశారు. ట్రాన్సిల్వేనియాలోని సేక్ అనే పల్లెలో కుర్రకారు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఆడుకునే అలవాటు ఉంది, దానికి అది నగర రూపం. దాన్ని టాంట్స్‌హాజ్ అంటారు, నృత్యశాల అని మనం అనుకోవచ్చు. 2011లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ రక్షణకు మేలైన నమూనాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం.

బతుకమ్మ ఇంత సులువుగా ఇన్ని చోట్లకు ఎలా వెళ్లిందో ఆలోచించారా? ఉద్దుల లెక్క లేదు. ఐదుగురైనా ఆడవచ్చు, ఐదు వందల మందైనా ఆడవచ్చు. ఒకరు పాట అందిస్తే మిగతావాళ్లు వంతపాడతారు. వంగి చప్పట్లు చరుస్తూ అడుగు జరుపుకుంటూ పూల బతుకమ్మ చుట్టూ తిరగడం, కొత్తగా వచ్చిన కోడలు కూడా రెండు చుట్లలో పట్టుకోగల అడుగు. మధ్యలో వచ్చి కలవవచ్చు, అలసిపోతే పక్కకు జరగవచ్చు, చంటిపిల్లను ఎత్తుకుని కూడా తిరగవచ్చు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి మగ్గాల పని కోసం షోలాపూర్, భివండీ, సూరత్ చేరిన కుటుంబాలు తరాలుగా అక్కడ ఉంటున్నాయి. ఆ వీధుల్లో బతుకమ్మ ఆగలేదు. పిల్లలు మరాఠీలోనో గుజరాతీలోనో చదువుకుంటారు, పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు.

విదేశాల్లో ఇబ్బంది పూల దగ్గర వస్తుంది. తంగేడు దొరకదు, గునుగు దొరకదు. ఊరి నుంచి తీసుకెళదామంటే పచ్చిపూలు, విత్తనాలు, మొక్కల భాగాలు విమానాశ్రయంలో ఆపేస్తారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి దేశాల్లో ఈ విషయంలో నిబంధనలు మరీ గట్టివి. అందుకని విదేశాల్లోని మన ఆడవాళ్లు సూపర్ మార్కెట్లో దొరికే చామంతులు, బంతులు, కార్నేషన్లు తెచ్చి వరసలు పేరుస్తారు. తంగేడు పసుపు కోసం ఒక పువ్వు, గునుగు పొడవు కోసం ఇంకో పువ్వు చూసుకుంటారు. చెరువులో వదలడానికి అనుమతి లేని చోట నీళ్లు నింపిన పెద్ద తొట్టెలో నిమజ్జనం చేస్తారు. ఉత్తరార్ధగోళపు దేశాల్లో చలి మొదలయ్యే రోజులు కాబట్టి బడి వ్యాయామశాలో, సమాజ భవనమో అద్దెకు తీసుకుంటారు. పిట్స్‌బర్గ్‌లో మిసిర్లూకు జరిగింది ఇదే. చుట్టూ ఉన్నవి మారాయి, అడుగు నిలిచింది.

ఈ పండుగ రోజుల్లోనే గుజరాత్‌లో గర్బా. 2023 డిసెంబరులో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలోకి తీసుకుంది. నడుమ చిల్లులున్న కుండలో దీపం, చుట్టూ స్త్రీలు చప్పట్లు చరుస్తూ వలయంగా తిరగడం. హనుమకొండ నుంచి అహ్మదాబాద్‌కు కాపురానికి వెళ్లిన అమ్మాయికి ఆ వలయం పరాయిదిగా అనిపించదు. ఉద్యోగం మీద వెళ్లిన కోలాటం ఆటగాడికి దాండియా కర్రలు చూస్తేనే చెయ్యి దురదపెడుతుంది. కాకపోతే దాండియా ఎక్కువగా ఎదురెదురు వరసల్లో సాగుతుంది, మన కోపులు వలయాల్లో సాగుతాయి. దెబ్బల లెక్క కూడా వేరు. ఒక వారం తడబాటు తప్పదు. కొత్త ఊరికి వెళ్లినవారు ముందు ఆ ఊరి వలయంలోకి వెళ్లడం మంచిది. అక్కడ ఆడే నలుగురితో పరిచయమైతే తర్వాత వాళ్లలోనే ఇద్దరు కోలాటం నేర్చుకుంటామని వస్తారు. తెలుగువాళ్లు ఎక్కడున్నారా అని మాత్రమే వెతికితే ఆ ఇద్దరూ ఎప్పటికీ కలవరు.

సముద్రాలు దాటిన పాత కథ ఒకటి మారిషస్‌లో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి మన తీరం నుంచి కూలీలు వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను కోరంగీలు అన్నారు. తరాలు గడిచేసరికి ఇళ్లలో మాట్లాడే భాష క్రియోల్ అయిపోయింది. రామభజనం మాత్రం నిలిచింది. దీపస్తంభం నడుమ పెట్టి, తాళాలతో పాడుతూ, దాని చుట్టూ అడుగులు వేస్తూ తిరుగుతారు. తెలుగు మాట్లాడడం అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కూడా ఆ పాట అందుకుని ఆ వలయంలో అడుగు కలుపుతారు. నృత్యం ఊరు మారాక నిలవడానికి కావలసినవి ఈ ఉదాహరణలో చక్కగా కనిపిస్తాయి. ఆడడానికి ఒక తిథి ఉంది, చోటు ఉంది, పెద్దవాళ్ల పక్కన పిల్లలు నిలబడే వీలుంది.

కోలాటానికి మన రాష్ట్రాల్లో ఇలాంటి ఆసరా దేవాలయాల దగ్గర దొరుకుతోంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవల ముందు మాడవీధుల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కోలాటం, చెక్కభజన బృందాలు ఆడుతూ సాగుతాయి. ఒకప్పుడు చాలా పల్లెల్లో కోలాటం మగవాళ్ల ఆట. ఇప్పుడు ఆ బృందాల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. పట్నాల్లో అపార్టుమెంట్ల సెల్లారుల్లో, కాలనీ ఆలయాల ఆవరణల్లో సాయంత్రం పూట నేర్చుకుంటున్నవాళ్లు వాళ్లే. పిల్లలు పెద్దవాళ్లయి ఉద్యోగాలకు వెళ్లిపోయాక, నలభై దాటాక మొదటిసారి కర్ర పట్టినవాళ్లు ఎందరో. కడప నుంచి విశాఖకో, నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కో మారినవారు ముందుగా అడగవలసిన చోటు ఆ ఊరి పెద్ద గుడి. పండుగల్లో అక్కడ కోలాటం వేసే బృందం ఏది, గురువు ఎవరు, సాధన ఏ వారం అని పూజారిగారినో కార్యాలయంలోనో అడిగితే చాలాచోట్ల జవాబు దొరుకుతుంది.

అరకు లోయ ధింసా లాంటివి మాత్రం ఇంత తేలిగ్గా కదలవు. ఒకరి వీపు వెనుక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని పాములా మెలికలు తిరిగే ఆ వరసకు డప్పు, తుడుము, మోరి వాయించేవాళ్లు కావాలి. రికార్డు పెట్టి ఆడితే ఆ మెలికకు ఊపు రాదు. చదువుకో, పనికో విశాఖ చేరిన పిల్లలు పండుగకు కొండ ఎక్కి వెళ్లడమే దానికి ఇప్పటికీ నికరమైన దారి. ఆ రోజుల్లో వాళ్లకు సెలవు దొరకడం ఎంత అవసరమో పట్నంలో ఉన్నవారికి తెలియాలి.

ఇక శరీరం సంగతి. పల్లెలో కోలాటం వేసేది మట్టి నేల మీద. కాలు పడితే నేల కాస్త అణుగుతుంది. పట్నంలో చోటు దొరికేది సిమెంటు గచ్చు మీద, టైల్స్ మీద. గంటసేపు ఎగిరితే మర్నాడు పిక్కలూ మోకాళ్లూ పట్టేస్తాయి. స్కాటిష్ నర్తకులు చెక్క నేల ఉన్న హాలు కోసం ఊరంతా గాలించేది ఇందుకే. మనకు చెక్క నేల దొరకడం కష్టం. పార్కులో మట్టి ఉన్న చోటు చూసుకోవాలి. లేదా మెత్తని అడుగున్న బూట్లు వేసుకోవాలి. ఎగిరే కోపుల్ని తగ్గించి నడిచే కోపులతో మొదలుపెట్టడం ఇంకా మేలు. వట్టి కాళ్లతోనే ఆడాలన్న పట్టింపు గుడి ముందు సరే, సెల్లారులో మోకాళ్లను పాడుచేస్తుంది. మేడ మీది గదిలో సాధన చేస్తే కింది వాటావాళ్లకు అడుగుల చప్పుడు పిడుగుల్లా వినిపిస్తుంది. ముందే వెళ్లి వేళ చెప్పి, వీలైతే వాళ్లనూ రమ్మంటే గొడవ ఉండదు. విమానంలో వెళ్లేవారు కర్రల్ని చేతిసంచిలో పెట్టుకుంటే భద్రతా సిబ్బంది ఆపవచ్చు, పెద్దపెట్టెలో సర్దాలి. చెక్క వస్తువులు తెస్తున్నామని ప్రకటించాలన్న నిబంధన ఉన్న దేశంలో ఆ కాగితం మీద కర్రల సంగతి తప్పకుండా రాయాలి.

కొత్త ఊళ్లో బృందమే లేకపోతే? నాలుగు ఉద్దులతో మొదలుపెట్టవచ్చు, అంటే ఎనిమిది మంది. తొమ్మిదో మనిషిగా ఒక గురువు. ఎవరైనా రాని రోజు నడుమ నిలబడ్డ గురువే వలయంలోకి వచ్చి ఆ ఖాళీలో ఆడితే ఆట ఆగదు, పాట ఎలాగూ ఎక్కడ నిలబడినా పాడవచ్చు. వారం మార్చకూడదు. ఈ శనివారం వీలుకాదు, వచ్చే మంగళవారం చూద్దాం అని ఒకసారి మొదలైతే మూడో నెలకు ముగ్గురు మిగులుతారు. ప్రదర్శన ఒప్పుకోవడానికి తొందర వద్దు. వార్షికోత్సవానికి అంశం కావాలని ఎవరో అడుగుతారు, చీరల రంగులు, ఫోటోల హడావిడి మొదలవుతుంది, అడుగు సరిగా రానివాళ్లను పక్కన కూర్చోబెడతారు. బుడాపెస్ట్ కుర్రాళ్లు వదిలించుకున్నది సరిగ్గా దీన్నే. కొత్తగా వచ్చినవారి కోసం తొలి పావుగంట మొదటి కోపుకే కేటాయించి, వాళ్లను నేర్చిన ఉద్దుల మధ్య నిలబెట్టాలి.

మన కోలాటానికి ఇంకా జరగని పని ఒకటి ఉంది. గోదావరి వైపు గురువు దగ్గర నేర్చిన మనిషీ, చిత్తూరు వైపు గురువు దగ్గర నేర్చిన మనిషీ బెంగళూరులో కలిస్తే ఇద్దరి కోపుల పేర్లు కలవవు, దెబ్బల వరస కలవదు. 1924లో గ్లాస్గోవాళ్లు మొదలుపెట్టినట్టు ఊరి పేరుతో, గురువు పేరుతో సహా కోపులన్నీ రాసిపెట్టే పని ఎవరైనా తలకెత్తుకుంటే బాగుండును. అది జరిగేలోపు ఊరు విడిచి వెళ్లేవారు తమ వంతు చేయగలిగింది ఉంది. బయలుదేరే ముందు వారం గురువుగారి అనుమతి తీసుకుని కోపులన్నీ ఫోన్‌లో చిత్రీకరించుకోవాలి. ఎదురుగా నిలబడి తీస్తే బయటి వలయం వీపులు తప్ప ఏమీ తెలియదు. పక్కింటి మేడ ఎక్కి పైనుంచి తీయాలి. అప్పుడు రెండు వలయాలూ విడివిడిగా, ఎవరు ఎవరిని దాటుతున్నారో సహా కనిపిస్తాయి. ఒక్కో కోపును ఒకసారి మామూలు నడకలో, ఇంకోసారి పాట లేకుండా మెల్లగా వేయించాలి. గురువుగారి గొంతులో పాట విడిగా రికార్డు చేయాలి. కోపు పేరు, దెబ్బల లెక్క, ఎడమ కాలితో మొదలా కుడి కాలితోనా అన్నది ఒక నోటుపుస్తకంలో ఆ రోజే రాసుకోవాలి, ఎందుకంటే నెల తిరిగేసరికి ముందుగా మరుపుకు వచ్చేది ఆ మొదటి కాలే.